ఒంటరి అగ్గిపెట్టె

"సెంబు సారు పోయినాడంట గదన్నా" అన్నాడు కండక్టరు, టికెట్ మిషన్ నొక్కుతూ.

బస్సు అప్పుడే ఆదోని బస్టాండు దాటింది. నేను ఎమ్మిగనూరు టికెట్ అడిగి, చేతిలో చిల్లర పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"నాలుగు దినాలాయనంట. నిద్రలోనే పాయనంట. మీరు పేపరోళ్ళు, మీకు ముందే తెల్సుంటాదనుకొంటి."

తెలియదు. ఈ చుట్టుపక్కల ఎవరు చనిపోయినా ఫొటోతో సహా నా ఫోనుకు వస్తుంది. రెండు వాక్యాలు రాసి పంపడం నా రోజువారీ పనుల్లో ఒకటి. ఈ చావు మాత్రం ఎవరూ పంపలేదు. డ్రైవరు వెనక కిటికీ పక్క సీటు వైపు చూశాను. ఏళ్ళ తరబడి ఆయన కూర్చున్న సీటు అది. పత్తికొండ టమాటా గంపతో ఎవరో పెద్దామె కూర్చుని కునుకు తీస్తోంది. ఊరి పొలిమేర దగ్గర బస్సు ఆపమని దిగిపోయాను. కండక్టరు నా చిల్లర నా చేతిలోనే ఉంచి విజిల్ వేశాడు. ఆయనకూ ఆ సీటు వైపు చూడటం కష్టంగానే ఉన్నట్టుంది.

సార్ ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పేవాడు. ఇల్లు ఆదోనిలో. వాళ్ళ పెద్దలు తుంగభద్ర ఒడ్డున గుడి సేవలో బతికినవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది కన్నడం. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. నుదుట నిలువుగా నల్లటి గీత, దాని కింద చిన్న చుక్క. చేతిలో ఎప్పుడూ మూతబెట్టి గుడ్డ కట్టిన రాగి చెంబు. అందులో ఇంటి నీళ్ళు. బయట పచ్చి మంచినీళ్ళు ముట్టడు. ఎవరింట్లోనూ, ఏ కులం వాళ్ళింట్లోనూ ముట్టడు. పెళ్ళిళ్ళకు వస్తాడు, అక్షింతలు వేస్తాడు, పెళ్ళికొడుకు తండ్రితో కాసేపు నవ్వుతూ మాట్లాడి, చెంబు తీసుకుని వెళ్ళిపోతాడు. పిల్లలు చాటుగా పెట్టిన పేరు 'చెంబు సార్'. చాటుమాటు పోయి చివరికి అదే ఆయన పేరైంది.

"సార్, మీ సెంబుకు అర టికెట్ కొట్టాల" అనేవాడు ఇదే కండక్టరు.

"కొట్టప్పా. కానీ దానికి కూడా సీటియ్యాల మరి" అనేవాడు ఆయన.

చెంబు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మూతమీద ఆనించి, దారి పొడుగునా పత్తిచేలు చూస్తూ కూర్చునేవాడు. మే నెలలో చెంబు సాయంత్రానికి ఖాళీ అయ్యేది. అప్పుడు పెదాలు తడుపుకుంటూ ఆదోని దాకా వచ్చేవాడు. పక్కవాళ్ళు సీసా అందిస్తే చేతులు జోడించేవాడు. ఆ జోడించడంలో గర్వం కనిపించేది కాదు. కాలు కుంటివాడు పరుగుపందెంలో నుంచి తప్పుకున్నట్టుండేది.

ఇలాంటి మనిషి, బడి తెరిచిన కొత్తలో ప్రతి ఏడూ పిల్లల చేత సర్వే చేయించేవాడంటే మొదట నేను నమ్మలేదు. ప్రభుత్వం చెప్పింది కాదు, ఆయన సొంతంగా పెట్టుకున్నది. తరగతిలో ఎవరింట్లో ఏ భాష, ఏ పండక్కి కొత్త బట్టలు, పొద్దున జొన్నరొట్టెనా అన్నమా, అమ్మను ఏమని పిలుస్తారు, ఇలాంటివి పిల్లలే ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి. ప్రతి పిల్లా ఒక ఖాళీ అగ్గిపెట్టె తేవాలి. గది వెనక పొడుగాటి బెంచీ మీద, ఒకే జవాబు వచ్చినవాళ్ళు ఒకరి పెట్టెమీద ఒకరు పెట్టెలు పేర్చాలి. తెలుగుది ఒక గోపురం, కన్నడానిది ఒకటి, ఉర్దూది ఒకటి, లంబాడీది ఇంకోటి. కాగితం మీద గీసిన గ్రాఫు చూపిస్తే పిల్లలు ఆవులిస్తారని, అగ్గిపెట్టెలైతే కూలిపోతాయేమోనని ఊపిరి బిగబట్టి చూస్తారని ఆయన అనేవాడు.

ఒక ఏడు దాని మీద వార్త రాయడానికి వెళ్ళాను. ఆరోజు భాషల లెక్క నడుస్తోంది.

"ఇంటి భాష ఏదని తెలియకపోతే ఒకటే గుర్తు. మీ అమ్మ ఏ భాషలో తిడుతుందో అదే మీ భాష" అన్నాడు.

వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "మాయమ్మ తిట్టదు సార్. కొడ్తాది."

"కొట్టేటప్పుడు ఏమంటుంది?"

"ఏమీ అనదు సార్. నేనే అరుస్తా."

"నువ్వు ఏ భాషలో అరుస్తావు?"

గది గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా జవాబు కోసం చూస్తున్నాడు. పిల్లవాడు కాస్త ఆలోచించి, కన్నడం గోపురం మీద తన పెట్టె పెట్టి వచ్చాడు.

ఆ తరగతిలోనే ఒక పిల్ల ఉండేది. దూదేకుల సాయిబుల అమ్మాయి. తల్లి పరుపులు కుట్టి అమ్ముతుంది. ఆ పిల్ల పెట్టె పట్టుకుని లేవగానే తక్కినవాళ్ళంతా "ఉర్దూ, ఉర్దూ" అని అరుస్తూ అటు చేయి చూపించారు. పిల్ల ఆగి వెనక్కి తిరిగింది. "మాయమ్మ తెలుగులో తిడ్తాది. మాయవ్వ గూడా తెలుగులోనే తిడ్తాంటాది" అంది. తెలుగు గోపురం మీద పెట్టె పెట్టి, అది కదలకుండా వేలితో సర్ది మరీ వచ్చింది. సార్ ముఖంలో అప్పుడు కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది. తాను చెప్పదలుచుకున్న పాఠమంతా ఆ పిల్ల చెప్పేసింది.

పేర్చడం అయ్యాక ఆయన తప్పకుండా అనే మాట ఒకటుంది. "పొడుగు గోపురం చూడొద్దు. అది మనం చూడకపోయినా కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్న పెట్టె ఎవరిదో చూడండి." ఆ ఏడు ఒంటరి పెట్టె ఒడిశా నుంచి పత్తి జిన్నింగ్ మిల్లు పనికి వచ్చిన వాళ్ళ పిల్లవాడిది. వాడి భాషలో 'అన్నం తిన్నావా' అని ఎలా అడగాలో తరగతి మొత్తం నేర్చుకుని, మధ్యాహ్నం గంట కొట్టగానే వాణ్ణి చుట్టుముట్టి అందరూ ఒకేసారి అడిగారు. వాడు బిత్తరపోయి ఏడ్చినంత పని చేశాడు. ఆ తర్వాత నెలరోజులు వాడికి అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడమే సరిపోయిందట.

ఆయన సర్వేకు ఒక కట్టుబాటు ఉండేది. చివరి ప్రశ్న తరగతిది. ఏం అడగాలో పిల్లలే తేలుస్తారు, సార్ కాదనకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రతి ప్రశ్నకూ సార్ కూడా జవాబు చెప్పాలి, తన అగ్గిపెట్టె తను పెట్టాలి.

చివరి ప్రశ్న అడగడానికి లేచింది ఆ దూదేకుల పిల్లే.

"ఎవురెవురు ఎవురింట్లో నీళ్ళు తాగినారో అడుగుదాం సార్. మనోళ్ళ ఇండ్లు గాకుండా, వేరేవోళ్ళ ఇండ్లల్లో."

ఆయన తన చెంబు వైపు ఒకసారి చూసి, సరేనన్నాడు.

పిల్లలు ఒకరొకరే లేచారు. కాసేపట్లో 'మనవాళ్ళ ఇళ్ళలోనే' అన్న గోపురం కిటికీ ఊచల దాకా లేచింది. 'వేరేవాళ్ళ ఇంట్లో కూడా' అన్నది జానెడెత్తు కూడా రాలేదు. రోజూ ఒకే బెంచీమీద భుజం భుజం రాసుకుని కూర్చునే పిల్లలు, ఒకడి పెన్ను ఒకడు లాక్కునే పిల్లలు. పొద్దుట్నుంచి రంగురంగుల భాషలు, పండగలు చూసి మురిసిపోయిన నేను ఆ రెండు గోపురాల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. పిల్లలు కూడా బెంచీ చుట్టూ మూగారు. తమ గురించి తమకు తెలియని విషయం ఎవరో చెప్పినట్టు ఆ బెంచీనే చూస్తున్నారు.

"మీ పెట్టె యాడ పెడ్తారు సార్?" అంది ఆ పిల్ల. గొంతులో ఎగతాళి లేదు. కట్టుబాటు ప్రకారం అడిగింది, అంతే.

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పొడుగు గోపురం దగ్గరకు వెళ్ళి ఆగాడు. అది కూడా నిజం కాదని తోచినట్టుంది, ఎందుకంటే ఆయన తన వాళ్ళ ఇళ్ళలో కూడా తాగినవాడు కాదు. పొట్టి గోపురం ఎలాగూ కాదు. బెంచీ చివర, ఖాళీ చోట, ఒక్క పెట్టె పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒంటరి పెట్టె సార్‌దే" అన్నారెవరో మెల్లగా.

మరుసటి వారం బస్సులో ఆయన నా వైపు తిరిగి, "సాయంత్రం పనేం పెట్టుకోవద్దు. ఒక ఇంటికి పోయొద్దాం" అన్నాడు. ఎవరిల్లని నేను అడగలేదు.

పరుపుల ఇల్లు బజారు వెనక సందులో. వాకిట్లో బూరుగు దూది గుట్ట, గాలికి లేచి గుమ్మానికి అంటుకున్న తెల్లటి నూగు. ఆ తల్లి పరుపు మీద మోకాళ్ళపై కూర్చుని పెద్ద సూదితో కుడుతోంది. సార్‌ను చూసి కంగారుగా లేచి, కొంగుకు అంటుకున్న దూది దులుపుకుంది.

"మా పాప ఏమన్నా తప్పు సేసిందా సార్?"

"లేదమ్మా. దాహమేసి వచ్చినాను. కొంచెం నీళ్ళిస్తావా?"

చెంబు ఆయన చేతిలోనే ఉంది. ఆమె చెంబునూ చూసింది, ఆయన్నూ చూసింది. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసు చింతపండు పెట్టి తోమి, కడిగి, మళ్ళీ కడిగి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చింది. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన చెంబు కింద పెట్టి గ్లాసు అందుకున్నాడు. పైకెత్తాడు. గ్లాసు పెదాల ముందు ఆగిపోయింది. చెయ్యి వణికి నీళ్ళు చొక్కామీద ఒలికాయి. ఎంతసేపు అలా ఉన్నాడో, చివరికి గ్లాసు కిందికి దించాడు.

"కావడం లేదమ్మా" అన్నాడు. "నన్ను క్షమించు."

ఆమె ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఎదురుగా నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ, గుక్క తిప్పుకోకుండా ఆ నీళ్ళు మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుని, "ఇషం గాదు సార్" అంది.

గొంతు పెంచలేదు. నేను ఎన్నో గొడవలు చూసి రాసినవాణ్ణి, రాళ్ళు పడుతుంటే నిలబడి చూసినవాణ్ణి. ఆ మూడు మాటలకు మాత్రం చూడలేక తల తిప్పుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, వెనక్కి నడుస్తూ వాకిలి దాటాడు. చెంబు మర్చిపోయాడు. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, దాన్ని నేరుగా చేత్తో ముట్టకుండా, కట్టిన గుడ్డ ముడి పట్టుకుని తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల పట్టుకున్న పద్ధతి చూసి ఆయన ఇంకా కుంగిపోయాడు.

బస్సులో ఆదోని దగ్గర పడ్డాక ఒక్కసారి నోరు విప్పాడు. "గొంతులో మా నాయన కూర్చున్నాడయ్యా. లేవమంటే లేవడు."

మరునాడు తరగతిలో జరిగినదంతా చెప్పాడట, ఏదీ దాచకుండా. "నేను ఓడిపోయినాను, మీరు ఓడిపోవద్దు" అన్నాడట. ఆ మాట పిల్లల్లో ఎలా పని చేసిందో కానీ, వాళ్ళు పోటీలు పడి ఒకరింటికి ఒకరు వెళ్ళి నీళ్ళు అడగడం మొదలుపెట్టారు. దాహం లేకపోయినా అడిగేవాళ్ళు. కొన్ని ఇళ్ళలో తిట్లు తిన్నారు, కొన్ని ఇళ్ళలో నీళ్ళతోపాటు బొరుగులు తిన్నారు. తర్వాతి ఏడు కొత్త తరగతి కూడా అదే ప్రశ్న అడిగింది. ఆ పై ఏడు కూడా. పొట్టి గోపురం ఏటేటా పెరుగుతూ వచ్చింది. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన నన్ను దాని దగ్గరికే తీసుకెళ్ళి, మనవణ్ణి చూపించినట్టు చూపించేవాడు. బెంచీ చివర ఖాళీ చోట ఆయన పెట్టె మాత్రం ఒక్కటే ఉండేది. రిటైరైన ఏడు కూడా ఒక్కటే ఉంది.

ఆదోనిలో కోట వైపు సందులో వాళ్ళిల్లు. బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. వరండాలో చాప, మూలన దీపం, దానికి కొంచెం అవతల ఆ రాగి చెంబు. తోమి బోర్లించి ఉంది. బోర్లించిన చెంబును చూశాక గానీ ఆయన లేడన్నది నాకు పూర్తిగా ఎక్కలేదు.

ఆయన భార్య గుమ్మంలో కూర్చుంది. "మీకు చెప్పి పంపాల్సింది. ఎవరికి చెప్పామో ఎవరికి చెప్పలేదో ఏమీ తెలీలేదు" అంది. కొంగు సర్దుకుని తనే మొదలుపెట్టింది.

"పోయిన ఎండాకాలం ఒక పొద్దు బయల్దేరినారు. చెంబు ఇక్కడే పెట్టినారు. పెళ్ళయిన కాడినుంచి చెంబు లేకుండా గడప దాటింది చూడలేదు నేను. మరిచిపోయినారేమో అని తెచ్చిస్తే, వద్దు అన్నారు. ఎమ్మిగనూరులో ఆ పరుపులామె ఇంట్లో నీళ్ళు తాగొస్తాను, ఈసారి తాగుతాను అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో ఇదేం పని అన్నాను. వినలేదు."

"తాగినారా?"

"సాయంత్రం వచ్చినారు. వచ్చి, ఇదిగో ఇక్కడే కూర్చున్నారు. ఏమైందంటే, 'టెంకాయ నీళ్ళిచ్చింది, ఇంటి నీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం' అన్నారు. మళ్ళా ఆ మాట ఎత్తలేదు." ఆమె చెంబు వైపు చూసింది. "ఆయన తాగుతానన్నందుకు పొద్దున కోపమొచ్చింది. వాళ్ళు ఇవ్వలేదని తెలిసి సాయంత్రం ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలీదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ తల్లి కసి పెట్టుకునే మనిషిలా నాకు కనిపించలేదు. అన్నేళ్ళ తర్వాత ఇంటికి వచ్చిన ముసలాయనకు కావాలని నీళ్ళివ్వకుండా పంపిందా? మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు వెళ్ళాను.

పరుపుల ఇల్లు అలాగే ఉంది. దూది ఏకడానికి మిషన్ వచ్చింది. ఆమె జుట్టు కూడా ఇప్పుడు దూది రంగులో ఉంది. నన్ను గుర్తుపట్టి స్టూలు వేసి, అడక్కుండానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన గట్టుమీద పెట్టింది. పాప కర్నూలులో నర్సింగు చదువుతోందని చెప్పింది. నేను సార్ సంగతి చెప్పాను. ఆమె చేతిలో సూది పరుపులో గుచ్చి అలాగే వదిలేసింది.

"అయ్యో. మొన్న ఎండల్లో వచ్చినాడే. ఈడనే కూసున్నాడు, నువ్వు కూసున్న తావున."

"తెలుసు. ఆ పొద్దు ఏం జరిగిందమ్మా?"

"ఏం జరుగుతాదన్నా. ఎండన పడి నడిసొచ్చినాడు, మొగమంతా వాడిపోయింది. సేతిలో సెంబు లేదు. మరిసిపోయినాడు పాపం, యాడా నీళ్ళు ముట్టడు, ఇంటికి పోయేదాకా ఎట్ల ఉంటాడో అనుకొంటి. నీళ్ళు తెత్తామని లేస్తి. మళ్ళా కూసుంటి. ఒగసారి నీళ్ళిచ్చి ఆ పెద్దమనిషిని అంత కష్టపెడితి గదా. ఆయన సేయి వణికింది నాకింగా కండ్ల ముందరనే ఉంది. నేను గూడా ఆ పొద్దు ఎదురుగా తాగి తప్పు సేస్తినేమో అని ఎన్నిసార్లు అనుకొంటినో." ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది. "అందుకే బజారుకు పొయ్యి లేత టెంకాయ కొట్టించుకొస్తి. టెంకాయ లోపలి నీళ్ళకు ఎవురి సెయ్యీ తగల్దు గదా, ఆయన ఆచారానికి అడ్డం రాదు. తాగినాడన్నా. సుక్క మిగలకుండా తాగినాడు. పాపకు ఫోన్ సేసి సెప్తి, సారు మనింట్లో తాగినాడని."

"తాగి ఏమన్నాడు?"

"ఏమనలే. ఆ కుండ తట్టు సూస్తా సూస్తా శానాసేపు కూసున్నాడు. కుండ కొత్తది, దాన్ని సూస్తాండాడేమో అనుకొంటి. మళ్ళా దండం పెట్టి లేసి పాయ."

చెప్పాలా వద్దా అని నేను ఆలోచించాను. ఇన్నేళ్ళ వార్తల పనిలో చావు కబుర్లు ఎన్నో ఇళ్ళకు మోశాను కానీ, ఇలాంటి కబురు మోయలేదు. చెప్పకపోతే సార్ అన్న ఆ 'న్యాయం' అనే మాట ఈమెకు తెలియకుండానే ఈమె మీద నిలిచిపోతుంది. మెల్లగా చెప్పాను. చెంబు మరిచిపోయి కాదు, కావాలనే ఇంట్లో పెట్టి వచ్చాడని. ఆ కుండలో నీళ్ళు తాగడానికే వచ్చాడని. నువ్వు కావాలనే ఇవ్వలేదనుకుని వెళ్ళిపోయాడని.

ఆమె కదల్లేదు. మిషన్ ఆగి ఉంది. గాలికి లేచిన దూది నూగు మా ఇద్దరి మధ్యా మెల్లగా కిందికి దిగుతోంది.

"అడగొచ్చు గదన్నా. ఒగ మాట అడిగింటే సాలు గదా. పిల్లోళ్ళ సేత ఒగరినొగర్ని, మీరేం తింటారు, ఏం కడ్తారు, ఏం మాట్లాడతారు అని అన్నీ అడిగిచ్చిన సారు..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆమె చూపు తిరిగి తిరిగి నా పక్కన గట్టుమీదికి వచ్చి ఆగింది. నేను వచ్చినప్పుడు పెట్టిన గ్లాసు. మాటల్లో పడి నేను ముట్టుకోనే లేదు. అంచుదాకా నీళ్ళతో అలాగే ఉంది.

"నువ్వన్నా తాగన్నా" అంది.